ముప్పైమందికి మైదానం

వచ్చే ఆదివారం సాయంత్రం సందు మధ్యలో ఓ పాత తలుపు అడ్డంగా నిలబెట్టి, దాని వెనక కూర్చుని బొమ్మలాట ఆడించాలని పాత ఫర్నిచర్ షావుకారు కూతురు నిశ్చయించుకుంది. బొమ్మలన్నీ తనే కుట్టింది, చిరిగిపోయిన సాక్సులతో. వాటిలో ముఖ్యమైనది ఎక్కిళ్ళు పట్టిన ఏనుగు. ఓ పొద్దున్నే టీ తాగుతూ సంగతి తండ్రి చెవిన వేసింది.

"గంట ఆట నాన్నా. చూసేది మన సందులోవాళ్ళే, ఓ ముప్పైమంది. అంతకు మించితే నాకు గొంతు పెగలదు."

ఆ మాట నిజమే. కిందటేడు కాలేజీ వార్షికోత్సవంలో తెర తీసీ తీయగానే ఎదురుగా హాలు నిండా జనం కనబడ్డారు. పిల్ల గొంతు పూడుకుపోయింది. ఏనుగు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. హాలంతా ఘొల్లుమంది. ఇన్నాళ్ళకి మళ్ళీ బొమ్మలు బయటికి తీసింది.

"ఈసారీ గొంతు రాకపోతే ఏనుగుని నేల తుడిచే గుడ్డ చేసేస్తా" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. తండ్రి ప్రాణం చివుక్కుమంది.

సందు కాసేపు మూయాలంటే నగర కార్యాలయం అనుమతి కావాలి. "అది నాకొదిలెయ్ అమ్మడూ, చిటికెలో తెస్తా" అని షావుకారు ఇస్త్రీ చొక్కా తొడిగాడు.

ఈయన్ని ఊరంతా సగం షావుకారంటారు. కుర్చీ అమ్మొచ్చినవాడు ఎంత చెప్పినా ఈయన నోట వచ్చే మొదటి మాట "సగం". కొనడానికొచ్చేవాళ్ళూ ఈయన్ని సగమే అడుగుతారు గనక, ఈయన చెప్పే మొదటి ధర ఎప్పుడూ రెట్టింపే. అడిగింది అడిగినట్టు ఇచ్చేవాడు భూమ్మీద పుట్టలేదన్నది ఆయన వ్యాపారంలో నేర్చుకున్న ఏకైక సత్యం. అంగడికి వర్తించేది ఆఫీసుకి వర్తించదా? ముప్పై అడిగితే మూడు చేతిలో పెట్టి పంపిస్తారని దారంతా లెక్కలు వేసుకున్నాడు.

కిటికీ వెనక కళ్ళజోడు గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "జనం ఎంతమంది?"

"మూడొందలు."

కలం ఆగింది. "మూడొందలా? అయితే పోలీసులు కావాలండీ."

హమ్మయ్య, బేరం మొదలైందనుకున్నాడు షావుకారు. ఎదుటివాడు ఉలిక్కిపడినప్పుడు దిగకూడదు, ఓ మెట్టు ఎక్కాలి.

"అయితే ఆరొందలు."

"ఆరొందలైతే ఫైరింజనూ, అంబులెన్సూ కావాలి."

ఇక ఆఖరి అస్త్రం. షావుకారు ఓ నిట్టూర్పు విడిచి, "మీ ఇష్టం లెండి, నే పోతా" అని వెనుదిరిగాడు. గుమ్మం దాకా మెల్లగా నడిచాడు. కాలరు సర్దుకున్నాడు. చెప్పులో లేని రాయిని దులుపుకున్నాడు. ఈ పాటికి ఎవరైనా సరే "ఆగండాగండి" అని వెనక్కి పిలవాలి.

"తర్వాత ఎవరండీ?" అంది కిటికీ.

షావుకారు జన్మలో ఇంత అవమానం ఎరగడు. మళ్ళీ వరస చివర్న నిలబడి, ముందున్నవాళ్ళ వీపులు చూస్తూ ఉడికిపోయాడు. తన వంతు వచ్చేసరికి ఒళ్ళు తెలియలేదు.

"రెండువేలు!" అన్నాడు.

గుమాస్తా మొదటిసారి తలెత్తాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండువేలమంది మీ సందులో ఎక్కడ పడతారండీ? పెద్ద మైదానం రాసిస్తా. కళాకార్యక్రమాలకి రుసుము కూడా లేదు. ఈ ఏడాది ఒక్కరూ అడగలేదు, ఊరికే ఖాళీగా పడుంది" అని టపటపా ముద్రలు కొట్టేశాడు.

షావుకారు కిటికీలోకి వంగాడు. "అయ్యా, అంతొద్దేమో. సగం చేస్తే..."

"రాసింది కొట్టేయడం మా ఆఫీసులో లేదండీ. శుభం!"

ఇంటికొచ్చి, "అనుమతి వచ్చేసింది. చోటు కాస్త మారింది, గాలి బాగా వస్తుంది" అని మాత్రం చెప్పాడు. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. రోజూ పొద్దున్నే ఇవాళ చెప్పేద్దామనుకోవడం, పిల్ల హుషారుగా ఏనుగుకి చెవులు కుట్టుకుంటుంటే చూసి కుక్కిన పేనులా ఊరుకోవడం.

ఈలోగా ఇంటికి ఓ ఫోను వచ్చింది. ఎత్తింది షావుకారు భార్య. ఆ ఇంట్లో ఫోనులో ఎవరు ఏ అంకె చెప్పినా ముందు కాదనాలి, తర్వాత అదేమిటో కనుక్కోవాలి.

"అమ్మా, మీకు మూడు పంపిస్తున్నాం."

"మూడేంటి నాయనా, వేళాకోళమా? పది లేనిదే కుదరదు."

"సరేనమ్మా, పది."

ఆవిడ ఫోను పెట్టేసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏవండీ! ఎవడో గానీ, ఒక్కమాటకి ఒప్పేసుకున్నాడండీ! నాకు భయంగా ఉంది!"

అవేమిటో ఆదివారం తెలిసింది. మైదానం ఓ పక్కన పది మొబైల్ టాయిలెట్లు పెళ్ళివారిలా బారులు తీరి ఉన్నాయి. మరో పక్క ఎర్రటి ఫైరింజను, దాని పక్కన అంబులెన్సు. అన్ని దారులకీ బారికేడ్లు. మధ్యలో మహాసభ జరగాల్సినంత వేదిక. దాని మీద షావుకారు అంగడి నుంచి తెచ్చిన పాత తలుపు.

పిల్ల ఏనుగుని గుండెలకి హత్తుకుని నిలబడిపోయింది. "నాన్నా... ఎంతమందని చెప్పావు?"

"రెండువేలు" అన్నాడాయన నేల చూస్తూ. "సగానికి సగం కోస్తారనుకున్నానమ్మడూ. ఒక్కడు కూడా బేరమాడలేదు. తప్పు నాదే."

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బొమ్మల సంచి ముడేసుకుంది. తల్లి మొగుడి వంక చూసిన చూపుకి ఫైరింజను అవసరమే పడింది.

ఆట వేళ అయింది. అప్పుడు గమనించాడు షావుకారు. మైదానంలో చూడ్డానికొచ్చిన నరమానవుడు లేడు.

పరుగున పోలీసు ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళాడు. "సార్, జనమేరీ? మా సందువాళ్ళన్నా రావాలే!"

"వచ్చారండీ, ఎవరో చాపలు పట్టుకుని. వెనక్కి పంపించేశాం" అన్నాడు ఇన్‌స్పెక్టరు గర్వంగా. "రెండువేలమంది వస్తున్నారు, లోపల ఊపిరాడదు, ఇళ్ళకి పొమ్మన్నాం. ఒక్కణ్ణి కూడా రానివ్వలేదు. ఏర్పాట్లంటే అలా ఉండాలి!"

"ఎవర్నీ రానివ్వకపోతే చూసేదెవరండీ?"

ఇన్‌స్పెక్టరు ఖాళీ మైదానాన్ని ఓసారి కలయజూశాడు. "అది మా ఆర్డర్లో లేదే" అన్నాడు. "ఆట అయ్యేదాకా మాత్రం మేం కదలకూడదు. కానివ్వండి మరి."

చేసేదేముంది? పోలీసులు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళ వెనక ఫైరింజనువాళ్ళు, అంబులెన్సు నర్సులు, టాయిలెట్ల లారీ డ్రైవర్లు. పిల్ల తలుపు సందులోంచి తొంగి చూసింది.

"ఇంతేనా నాన్నా?"

"ఇంతే తల్లీ. మహా ఉంటే ముప్పైమంది."

పిల్ల కళ్ళు తుడుచుకుని సంచి ముడి విప్పింది. ఏనుగు తలుపు మీదుగా తల బయటపెట్టి, "హిక్" అంది. గొంతు ఖంగుమని పలికింది. ముందు వరస కిసుక్కుమంది. ఏనుగుకి ఎక్కిళ్ళు ఆగక, అడవిలో ఉన్న నీళ్ళన్నీ అయిపోయి, "అయ్యో, ఇంకెక్కడి నీళ్ళు?" అని ఏడుస్తుంటే ఫైరింజను డ్రైవరు ఆగలేక లేచి నిలబడ్డాడు.

"మా దగ్గరున్నాయమ్మా! ట్యాంకు నిండా!"

మైదానం దద్దరిల్లింది. ఏనుగు ఆయన వైపు తిరిగి, "హిక్... అంత తాగితే ఆ పది గదులూ నాకే కావాలి బాబాయ్!" అంది. అది కథలో లేని మాట, అప్పటికప్పుడు పుట్టింది. నర్సులు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. షావుకారు మాత్రం వెనక నిలబడి పిల్ల గొంతే వింటున్నాడు.

ఆట అయ్యాక ఇన్‌స్పెక్టరు కళ్ళొత్తుకుంటూ వేదిక దగ్గరికొచ్చాడు. "అమ్మా, మా క్వార్టర్స్‌లో పిల్లలకి కూడా ఒకసారి ఆడించాలి. ఓ అరగంట చాలు."

షావుకారు ఏదో అనబోయాడు. భార్య చెయ్యి గిల్లింది.

"రెండు గంటలు" అంది పిల్ల, ఏనుగుని చేతి నుంచి తీయకుండానే.

"రెండు గంటలెక్కడమ్మా! పిల్లలు కూర్చోవద్దూ?"

పిల్ల మిగతా బొమ్మల్ని సంచిలో వేసింది. సంచి భుజాన వేసుకుంది. మెల్లగా నాలుగడుగులు నడిచింది. ఆగి, చెప్పులో లేని రాయిని దులుపుకుంది.

"ఆగమ్మా, ఆగాగు! గంట. సరేనా?"

"మీరింతగా అడుగుతున్నారు గనక, సరే."

షావుకారు కళ్ళు చెమర్చాయి. పిల్ల దగ్గరున్న ఆటే గంట.