పసుపు చీర ఆవిడ

ఉద్యోగం వచ్చిందన్న కబురు ఫోనులో వినగానే కొత్త పెళ్ళికూతురు ఇల్లంతా ఒకసారి గిర్రున తిరిగి, కూరగాయలకు వెళ్ళిన భర్తకు ఫోన్ చేసింది.

"ఏవండీ, శుభవార్త! ఎదురుగానే చెప్తా. వీధి మూలకి రండి, పసుపు చీరలో ఉంటా."

కుచ్చిళ్ళు ఎంతకీ కుదరక ఆలస్యమైంది. బాల్కనీలోంచి తొంగిచూస్తే, రోడ్డుకు ఇవతల సంచీతో భర్త. అవతల దుకాణం ముందు పసుపు చీరలో ఎవరో ఆవిడ. అతను చెయ్యి ఊపాడు. ఆవిడ కదల్లేదు. చెవులు పట్టుకున్నాడు. కరగలేదు. సంచీ కింద పెట్టి, నడివీధిలో గుంజీళ్ళు మొదలుపెట్టాడు!

పెళ్ళయ్యాక తనకోసం ఒక్క గుంజీ తీసిన పాపాన పోలేదు. పైగా ఆవిడ నడుము సన్నం.

"ఎవరండీ ఆవిడ?" అంది ఫోనులో.

"ఎవరేంటి? నువ్వేగా! లేటయ్యానని అలిగావు. ఇవాళ మాత్రం ఎంత బావున్నావో!"

"నేను బాల్కనీలో ఉన్నా!"

అతను గాభరాగా తలెత్తి, పక్కింటి బాల్కనీ వైపు ముద్దు విసిరాడు. మొక్కలకు నీళ్ళు పోస్తున్న లెక్చరరమ్మ మొహమాటంగా చెయ్యి ఊపింది.

"ఆవిడ కూడానా!"

భార్య చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి, ఒక్క పరుగున రోడ్డు దాటి, పసుపు చీర భుజం పట్టుకుంది. "ఎవరమ్మా నువ్వు?"

ఆవిడ నిలువునా వెనక్కి పడిపోయింది.

"అయ్యో, దెబ్బ తగిలిందా?" అంటూ పరిగెత్తుకొచ్చిన భర్త, షాపు ప్రకటన కోసం నిలబెట్టిన ఆ అట్టబొమ్మను రెండు చేతులా లేవనెత్తాడు.

కళ్ళజోళ్ళ షాపాయన బయటికొచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరికీ దూరం ఆనదన్నమాట. అద్దాలేవీ?"

"స్కూల్లో సోడాబుడ్డి అని ఏడిపిస్తే తీసేశా," నసిగాడు భర్త.

"పెళ్ళి ఫొటోల కోసం నేనూ దాచేశా," గొణిగింది భార్య.

"దాచేస్తే సైటు తగ్గదమ్మా. ఏటా పరీక్ష చేయించుకోవాలి. రేపు మీకు పిల్లలు పుడితే చిన్నప్పుడే కళ్ళు చూపించండి. రోజూ కాసేపు ఆరుబయట ఆడనివ్వండి."

పిల్లల మాట వినగానే ఇద్దరూ ఎర్రబడ్డారు. ఆ ఎరుపులోనే ఆమె ఉద్యోగం సంగతి చెప్పేసింది. అతను ఆనందం పట్టలేక, ఈసారి సరైన మనిషినే పట్టుకున్నాడు.

"రేపు పొద్దున్నే ఇద్దరం కళ్ళ డాక్టరు దగ్గరికి," అని ప్రకటించింది ఆమె. "అద్దాలు మాత్రం ఈ షాపులో కొనేది లేదు."

"ఏం?"

ఆమె అట్టబొమ్మ వంక కళ్ళు చికిలించి చూసింది.

"ఆవిడ ఉంటుందిగా."