కెటిల్‌కి కొంచెం కరెంటు

నవ్వకుండా వింటానంటే చెబుతాను. నవ్వు ఆగకపోతే కాస్త పక్కకి తిరిగి నవ్వండి, మా ఆవిడ వంటింట్లోనే ఉంది.

నేను టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్పై మూడేళ్ళు బ్యాటరీ గది మెకానిక్‌గా చేశానని మీకు తెలుసు. తెలియదంటే నేను నమ్మను, ఎందుకంటే పరిచయమైన అయిదో నిమిషంలో ఆ సంగతి నేనే చెబుతాను. ఊరంతా కరెంటు పోయినా ఫోన్లు మాత్రం మోగేవంటే అది ఆ గదిలో వరసగా కూర్చున్న ఇరవై అయిదు గాజు తొట్ల మహిమ, వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ నా మహిమ. తొట్లలో నీళ్ళు తగ్గకుండా చూడటం, తీగల కొసలు తుడవటం, తలుపు మీద ‘పొగ తాగరాదు’ బోర్డుకి ఏడాదికోసారి రంగు వేయించడం. అంతవరకే నా సామ్రాజ్యం, కానీ అందులో నేనే రాజుని.

మా ఆవిడ పై అంతస్తులో, దూరపు ఊళ్ళకి లైన్లు కలిపే ట్రంకు బోర్డు ఆపరేటరు. మా పరిచయమే తగాదాతో మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. లోపలి ఫోన్ మోగింది. తీస్తే తేనె లాంటి గొంతు.

“బ్యాటరీ గదేనా అండీ? మీ దగ్గర కరెంటు ఉందటగా. మా టీ కెటిల్‌కి కొంచెం ఇవ్వరూ?”

“వేడి చేసే వస్తువేదీ నా బ్యాటరీల గుమ్మం తొక్కడానికి వీల్లేదు!” అని అరిచాను. “దీపాలు వంద వెలిగించమనండి, వెలిగిస్తాను. ఒక్క కెటిల్ పెడితే మొత్తం తాగేస్తుంది!”

“అబ్బో, పెద్ద ఆస్తి” అని ఫోన్ పెట్టేసింది. నేను ఊరుకోలేక మర్నాడు ఫోన్ చేసి ఎందుకివ్వనో అరగంట వివరించాను. ఆ తర్వాత రోజు ఇంకో అరగంట. ఏడాది తిరిగేసరికి బ్యాటరీల గురించి చెప్పడానికి ఇంకేమీ మిగలక పెళ్ళి చేసుకున్నాం.

అలాంటి నన్ను పట్టుకుని, కరెంటు లేకుండా నిద్రపోకూడదన్నాడు డాక్టరు.

నా గురక గురించి వీధిలో అందరికీ తెలుసు. కానీ గురక పెట్టినంతసేపూ మా ఆవిడకి దిగుల్లేదు, అది ఆగినప్పుడే దిగులు. నిద్రలో నాకు ఊపిరి ఆగిపోయేదట. అవతల మనిషి నోరు విప్పకపోయినా, ఊపిరి చప్పుడుని బట్టే లైన్లో ఉన్నాడో లేడో చెప్పగల చెవులు ఆవిడవి. ఆ చెవులు పెట్టుకుని నా పక్కన పడుకుని, చప్పుడు ఆగిన ప్రతిసారీ నా భుజం తట్టి “లైన్లో ఉన్నారా?” అని అడిగేది. నేను గుర్రుమంటే లైను కలిసినట్టు. అలా ఎన్నేళ్ళు మేలుకుందో నాకు తెలియనే తెలియదు, నేను నిద్రపోతున్నాను కదా.

చివరికి డాక్టరు ఒక మిషను రాసిచ్చాడు. టిఫిను డబ్బా అంత పెట్టె, దానికో పొడుగాటి గొట్టం, గొట్టం చివర ముక్కుకి తగిలించుకునే మాస్కు. రాత్రంతా గాలి ఊదుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. దానికి నేను ‘తొండం’ అని నామకరణం చేశాను. తొండం ఇంటికొచ్చిన మొదటి రాత్రి మా ఆవిడ తొమ్మిది గంటలు ఏకబిగిన నిద్రపోయింది. పొద్దున్న లేచి, గడియారం పాడైందనుకుని దాన్ని కుదిపి చెవి దగ్గర పెట్టుకుని చూసింది.

ఇలా ఉండగా స్తంభం ఫోన్ చేశాడు. స్తంభం అంటే మా లైన్‌మన్. సర్వీసంతా స్తంభాల మీదే గడిపాడు కాబట్టి ఆ పేరు ఖాయమైంది.

“ఒరేయ్, మన పాత ఎక్స్‌చేంజి పడగొట్టేస్తున్నార్రా. పాతవాళ్ళం అందరం జలాశయం గట్టు మీద డేరాలేసుకుని రెండ్రోజులుందాం. భార్యలతో సహా. ఆ గట్టేరా, మనం కేబులు వేసిన గట్టు!”

నాకు ప్రాణం లేచొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆ గట్టు మీద నెలరోజులు డేరాలో ఉన్నాను. ఆదివారం వస్తే మా ఆవిడ బస్సు దిగి, క్యారియరు పట్టుకుని, గాలికి చెంగు చూసుకుంటూ గట్టు వెంబడి నడిచొచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా బస్సు ఆగితే దిగేవాళ్ళని ఒకసారి చూస్తాను.

పరుగెత్తుకెళ్ళి ఆవిడకి చెప్పాను.

“అక్కడ కరెంటు ఉందా?” అంది.

“లేదు. అదేనోయ్ దాని అందం.”

“అయితే మనమూ ఉండం. అదే మన ఆరోగ్యం.”

“ఊరు ఊరంతటినీ బ్యాటరీల మీద మాట్లాడించినవాణ్ణి, ఒక్క తొండం చేత గాలి ఊదించలేనా?”

“ఊదించి చూపించండి. ఎనిమిది గంటలు. నా ఎదురుగా.”

“ఇవాళ రాత్రికే చూపిస్తా!”

“రాత్రి వద్దు. మధ్యలో ఆగిపోతే మేలుకోవలసింది మళ్ళీ నేనే. ఆదివారం పగలు పెట్టండి. తొమ్మిది నుంచి అయిదు దాకా. మధ్యలో భోజన విరామం లేదు.”

మీ దగ్గర దాపరికమెందుకు? నా అసలు పథకం వేరు. పరీక్ష నెగ్గి ఆవిడకి నమ్మకం కలిగించాలి, గట్టు మీదికి వెళ్ళాక తొండాన్ని ఓ మూల పడేసి మగాడిలా పడుకోవాలి. ఆ గట్టు మీద ఒకప్పుడు కేబులు చుట్టని ఒంటిచేత్తో దొర్లించినవాణ్ణి. స్తంభం చూస్తుండగా ముక్కుకి గొట్టం తగిలించుకుంటానా? రెండ్రాత్రులకి ఏం ములిగిపోతుందని నా ధీమా.

ఆదివారం, స్తంభం దగ్గర అరువు తెచ్చిన డేరాని మా డాబా మీద వేశాను. మూడుసార్లు వేశాను, రెండుసార్లు అది నన్ను వేసింది. కారు బ్యాటరీ ఊడదీసి పైకి మోశాను. దానికి ఇన్వర్టరు తగిలించి, ఇన్వర్టరుకి తొండం తగిలించి, తొండం నాకు తగిలించుకుని, సరిగ్గా తొమ్మిదికి లోపల పడుకున్నాను. మా ఆవిడ బయట గొడుగు కింద కుర్చీ వేసుకుని, ఒళ్ళో చిక్కుడుకాయల చాట, పక్కన గడియారం పెట్టుకుని కూర్చుంది.

పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి తొంగిచూశారు. “ఏవమ్మా, లోపల ఎవరు?”

“మా ఆయనేనండీ. పరీక్ష రాస్తున్నారు.”

“ఈ వయసులోనా? పాసవుతారంటావా?”

“చూడాలండీ.”

పది దాటేసరికి డేరాలో నేను ఉడుకుతున్నాను. తొండం లోంచి వెచ్చటి తడిగాలి. నిద్ర దగ్గరికి కూడా రాలేదు. పదిన్నరకి మాస్కు తీసేశాను. తీస్తే గాలి బుస్సుమని చప్పుడు చేస్తుందని దాన్ని దిండుకి తొడిగి పట్టీలు బిగించాను. నిజం చెప్పాలంటే నాకంటే దిండుకే బాగా నప్పింది. తర్వాత వెల్లకిలా పడుకుని పాత పేపరు చదువుకున్నాను. అనుమానం రాకుండా మధ్య మధ్య నాలుగు గురకలు కూడా పెట్టాను. నా అనుభవమంతా పోసి పెట్టిన గురకలవి.

బయట చిక్కుడుకాయలు తుంచే చప్పుడు ఆగింది.

“లైన్లో ఉన్నారా?”

“ఆఁ, ఉన్నానోయ్” అన్నాను, పేపరు తిప్పుతూ.

అన్నాక నాలిక కరుచుకున్నాను. తొండం పెట్టుకున్నవాడు అంత స్పష్టంగా మాట్లాడలేడు. పైగా తొండం పెట్టుకున్నవాడికి గురక ఎక్కడిది? సరిగ్గా అప్పుడే ఇన్వర్టరు కుయ్‌మని ఏడ్చి, పడుకుంది. పన్నెండూ ఇరవై.

డేరా తలుపు తెరుచుకుంది. ఆవిడ ముందు నన్ను చూసింది, తర్వాత దిండుని చూసింది.

“దిండుకి ఇప్పుడు ఊపిరి బాగా ఆడుతోందా?” అని అడిగింది.

“బ్యాటరీ పాతదోయ్. మూడు గంటలకే...”

“బ్యాటరీకేం, బాగానే ఉంది. మిషనుకి ఆ గిన్నె ఏమిటి?”

“నీళ్ళ గిన్నె. గాలికి తడి తగలడానికి నీళ్ళు వేడి చేస్తుంది.”

“కరెంటుతో నీళ్ళు వేడి చేసేదాన్ని ఏమంటారు?”

నేను మిషనుని మెల్లగా దిండు వెనక్కి జరిపాను.

“గుమ్మం తొక్కనివ్వనని నా మీద అరిచారే, ఆ కెటిలేగా ఇది? అరగంట చొప్పున ఏడాది పాఠం చెప్పారు. నేను మర్చిపోలేదు, మీరే మర్చిపోయారు. పైగా బ్యాటరీ కరెంటుని ఇన్వర్టరు ఇంటి కరెంటు చేస్తుంది, ఇంటి కరెంటుని మిషను మళ్ళీ బ్యాటరీ కరెంటు చేసుకుంటుంది. చొక్కా విప్పి, తొడుక్కుని, మళ్ళీ విప్పడమెందుకు? నేరుగా తగిలించే తీగ ఉంటుందని పుస్తకంలోనే రాశాడు.”

“ఏ పుస్తకం?”

“మిషనుతో వచ్చింది. నాకు తెలియనిదా అని మీరు అటక మీద పడేశారు, అది. రండి, చూపిస్తాను.”

కిందికి తీసుకెళ్ళి మంచం కింద దుప్పటి లాగింది. కొత్త బ్యాటరీ. దాన్నించి తిన్నగా తొండం పెట్టెకి ఒక తీగ.

“మూడు రాత్రుల బట్టి మీరు బ్యాటరీ మీదే నిద్రపోతున్నారు. మీరు పళ్ళు తోముకునే టైములో గిన్నె ఆపేసి తీగ మార్చేదాన్ని. పొద్దున్నకి సగం ఇంకా మిగిలే ఉంటోంది.”

ముప్పై మూడేళ్ళ సర్వీసు! నా మంచం కింద బ్యాటరీ ఉంటే నాకు తెలియలేదు. ఎక్కడైనా కూర్చోవాలనిపించి ఆ మంచం మీదే కూర్చున్నాను.

“మరి నన్ను ఎండలో ఎందుకు ఉడికించావు?”

“పరీక్ష బ్యాటరీకి కాదు, మీకు. గట్టు మీద దాన్ని తీసేస్తారని నాకు అనుమానం.” ఆవిడ గొంతు తగ్గింది. “ఏళ్ళ తరబడి మీ ఊపిరి లెక్కపెడుతూ పడుకున్నానండీ. ఆగిన ప్రతిసారీ ఇంక రాదేమో అనుకునేదాన్ని. ఇప్పుడిప్పుడే నిద్రపోతున్నాను. నేను నిద్రపోయాక మీరు దాన్ని తీసేస్తే ఎవరు వింటారు?”

నాకు దిండు మొహం చూడాలంటే సిగ్గేసింది, ఆవిడ మొహం సంగతి సరే సరి.

“స్తంభం నవ్వుతాడే” అన్నాను, చిన్నపిల్లాడిలా.

“స్తంభం అన్నయ్యకి రెండేళ్ళుగా ఈ మిషను ఉంది. కారు డిక్కీలో దాచుకుని తిరుగుతున్నాడట. మీరు నవ్వుతారని.”

“నీకెవరు చెప్పారు?”

“నేను ఆపరేటర్నండీ. అందరి ఇళ్ళకీ లైను కలిపాను. స్తంభం అన్నయ్య, కేబుల్ మేస్త్రీ, మన సూపర్‌వైజరు, మీరు. మొత్తం నాలుగు తొండాలు. నాలుగింటికీ బ్యాటరీలు మీరే చూసుకుంటారని మాటిచ్చేశాను.”

అదీ సంగతి. తొండం దాచేద్దామనుకున్నవాణ్ణి తొండాలన్నిటికీ కాపలా పెట్టింది. ఇంక నేను తీసేస్తే మిగతా ముగ్గురూ తీసేస్తారు.

గట్టు మీద చెట్టు కింద ఒక చిన్న డేరా బ్యాటరీ గదిగా కేటాయించారు. నాలుగు బ్యాటరీలు వరసగా పెట్టి, కొసలు తుడిచి, నాలుగు డేరాలకీ తీగలు లాగాను. నాలుగు గిన్నెలూ నా చేత్తోనే ఆపాను. స్తంభం ఒక అట్టముక్క మీద ‘పొగ తాగరాదు’ అని రాసి గుమ్మానికి తగిలించాడు. దాన్ని చూసి నాకు కళ్ళు చెమర్చాయి, గాలికి దుమ్ము పడిందని చెప్పాను. ఆ రాత్రి చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు. అందరం నిద్రపోయాం, ముఖ్యంగా ఆడవాళ్ళు.

పొద్దున్నే లేచి బ్యాటరీలు కొలుస్తున్నాను. నాలుగింటిలోనూ సగానికి పైగా ఉంది. వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే మా ఆవిడ గాలికి చెంగు సర్దుకుంటూ గట్టు వెంబడి నడిచొస్తోంది. చేతిలో చిన్న కరెంటు కెటిలు.

“బ్యాటరీ గదేనా అండీ?” అంది. “కెటిల్‌కి కొంచెం కరెంటు ఇవ్వరూ?”

ఇవ్వకూడదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఆ గట్టు మీద లేడు. అయినా సంచీలోంచి పాత ఇన్వర్టరు తీసి కెటిలు తగిలించాను.

రెండు నిమిషాలు గుండె చిక్కబట్టుకుని ఇద్దరం చూశాం. మూడో నిమిషంలో ఇన్వర్టరు కుయ్‌మని ఏడ్చి, కాలిన వాసన వేసి, శాశ్వతంగా పడుకుంది.

“నేను అప్పుడే చెప్పలేదూ?” అన్నాను.

“చెప్పారు” అంది. అని, నులివెచ్చటి ఆ నీళ్ళలోనే టీపొడి వేసి, రెండు గ్లాసుల్లో పోసి ఒకటి నా చేతికిచ్చింది.

ఒక గుటక తాగాను. “చల్లగా ఉందోయ్.”

“ముప్పై ఎనిమిదేళ్ళ క్రితం అడిగిన టీ కదండీ” అంది పక్కన కూర్చుంటూ. “ఆమాత్రం చల్లారకుండా ఉంటుందా?”