సీసం ఇవ్వబడదు

హైమావతికి మొగుడి మీద చెప్పుకోదగ్గ ఫిర్యాదు ఒక్కటే: ఇంటి బరువంతా తానే మోస్తున్నానని పాతికేళ్లుగా చెబుతున్న ఆ మనిషి తీరా కాటా ఎక్కితే, ఆ బరువు మూడు వందల గ్రాములే తూగింది. గురక పెట్టడం, తడి తువ్వాలు మంచం మీద పడేయడం లాంటివి ఆమె ఫిర్యాదుల్లో చేర్చలేదు. అవి అందరి ఇళ్లలోనూ ఉన్నవే. కానీ మూడు విమానాలు మారి, కరేబియన్ సముద్రంలో సెయింట్ ఒడెట్ అనే చిన్న దీవికి స్కూబా డైవింగుకని తీసుకొచ్చి, నీళ్లలో దిగాక కొబ్బరి డొక్కలా పైనే తేలుతూ ఉండిపోతే ఎవరికైనా కాస్త చిన్నతనంగానే ఉంటుంది.

పురుషోత్తం కాకినాడలో ఒక ఎరువుల కంపెనీ స్టోర్సులో సూపరింటెండెంటు. పెళ్లయి పాతికేళ్లయిన సందర్భంగా అన్నిటికన్నా చవకైన ప్యాకేజీ ఆయనే వెతికి పట్టుకున్నాడు. అందులో వంటగది ఉన్న గది ఇచ్చారు. పొయ్యి దగ్గర నిలబడితే కిటికీలోంచి సముద్రం కనబడుతుందని, ఇది అదనపు సౌకర్యమని ఆయన హైమకి చూపించాడు కూడా. షరతుల కాగితంలో పదకొండో అంశం మాత్రం ఆయన సరిగా చదవలేదు. ఆ అంశం ఇది: సీసం ఇవ్వబడదు.

మామూలుగా మనుషులు సముద్రంలో తేలతారు కాబట్టి, కిందికి దిగడానికి నడుముకి సీసం బిళ్లల బెల్టు కడతారు. చవక ప్యాకేజీలో అది ఉండదు. ఎవరు ఇంటి దగ్గర మోసే బరువుతో వాళ్లే దిగాలి. సెయింట్ ఒడెట్‌లో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. దాని కోసం ఒక ఫారం ఉంది. ఇద్దరి ఫారాలూ పురుషోత్తమే నింపాడు. తన ఫారంలో ‘ఇంటి బరువంతా’ అని రాశాడు. హైమ ఫారంలో ‘ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటుంది’ అని రాశాడు.

సోమవారం ఇద్దరూ పడవ మీంచి ఒకేసారి దూకారు. పురుషోత్తం తేలాడు. హైమ నలభై అడుగుల లోతున ఇసుక మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అక్కడ చాలా హాయిగా ఉందని, ఎవరూ ఏమీ అడగలేదని తర్వాత చెప్పింది. దూరంగా ఒక పెద్ద తాబేలు కనబడింది. అయితే దాని వెనక భాగమే కనబడింది. అది ఇటు తిరిగేలోపు డైవింగ్ మాస్టరు డెస్మండూ ఇంకో ఇద్దరూ తాళ్లు వేసి ఆమెను పైకి లాగేశారు.

రేవులో, ఒంటి బరువు వదిలేసి మోసే బరువే చూపించే కాటా ఉంది. హైమ మీద పద్దెనిమిది కిలోల బరువు ఉందని తేలింది. పది కిలోలు దాటితే మళ్లీ దిగనివ్వరు. ఐదు కిలోలకు తగ్గితే దిగలేరు. మూడు వందల గ్రాముల పురుషోత్తాన్ని తేలేవాళ్ల తాడు దగ్గరికి పంపారు. అది నీటి మీద అడ్డంగా కట్టిన నీలం తాడు. అక్కడ అప్పటికే రకరకాల దేశాల మగవాళ్లు తొమ్మిది మంది వరసగా పట్టుకుని తేలుతున్నారు. రోజుకి రెండుసార్లు కాఫీ ఇస్తారు. ఇంటి బరువు మోయడం ఎంత కష్టమో వాళ్లు తమ తమ భాషల్లో చెప్పుకుంటూ ఉంటారు.

కాటా ఒక చీటీ కూడా ఇచ్చింది. బరువు ఏ భాషలో మోస్తే ఆ భాషలోనే వస్తుంది కాబట్టి తెలుగులోనే వచ్చింది. అత్తగారి మాత్రలు ఏవి ఎప్పుడు: రెండు కిలోలు. అమ్మాయి ప్రణవి హాస్టల్లో తిన్నదా లేదా: మూడు కిలోల పైచిలుకు. గ్యాస్ ఎప్పుడు అయిపోతుంది, పక్కింటి ఝాన్సీ ఇడ్లీ రేకులు ఎప్పుడు తీసుకెళ్లింది, ఆడపడుచు ముందు ఎత్తకూడని సంగతులు ఏవి. ఆయనకు వంకాయ పడదన్న విషయం ఆయనకే తెలియకుండా నెట్టుకురావడం: ఆరు వందల గ్రాములు. పురుషోత్తం చీటీలో ఒకటే పద్దు ఉంది: బండి ఇన్సూరెన్సు. అది మార్చిలోనే అయిపోయింది.

పురుషోత్తం ఒప్పుకోలేదు. “స్టోర్సులో ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది. ఇది తప్పుడు కాటా. ఇంట్లో కూర్చునే మనిషికి పద్దెనిమిది కిలోలేంటి?” అన్నాడు. డెస్మండ్ మర్యాదగా రెండో కాటా తెప్పించాడు. దాని మీద హైమ ఇరవై కిలోలు తూగింది. ఈలోగా మధ్యాహ్నం ఏం వండాలన్నది వచ్చి చేరింది.

ఇలాంటి వాళ్ల కోసం బదిలీ ఫారం ఉంది. ఒకరి బరువులోంచి కొంత ఇంకొకరి పేరు మీదకి మార్చుకోవచ్చు. షరతు ఒకటే. తీసుకున్న బరువు గురించి పాత మనిషిని అడగకూడదు, అడిగితే అది వెనక్కి పోతుంది. మంగళవారం పురుషోత్తం హుషారుగా ఎనిమిది కిలోలకు సంతకం పెట్టాడు. సిరా ఆరకముందే, గ్యాస్ బుక్ చేసే నంబరు ఎంతని అడిగాడు. గ్యాస్ వెనక్కి పోయింది. ఇడ్లీ రేకులు ఎన్నని అడిగాడు, అవీ పోయాయి. మాత్రల దగ్గర, “అమ్మకేనా, నాక్కూడా ఏమన్నా ఉన్నాయా?” అన్నాడు. సాయంత్రానికి మళ్లీ తాడు పట్టుకుని కాఫీ తాగుతున్నాడు.

ఆ వారంలో ఆఖరి పడవ గురువారం పొద్దున. హైమ మంగళవారం రాత్రి ఉల్లిపాయలు తరుగుతూ, “ఆ తాబేలు మొహం చూడాలనుందండి. ఎప్పుడైనా ఏదన్నా అడిగానా?” అంది. ఆయన ఆలోచించాడు. ఆమె అడిగినవేవీ గుర్తు రాలేదు. అడగలేదో, అడిగినా తనకు గుర్తు లేదో తేల్చుకోలేకపోయాడు.

బుధవారం ఆయనకు ఒళ్లంతా ఎండకు కమిలింది. రెండు రోజులు అటూ ఇటూ పొర్లుతూ తేలితే కమలక ఏమవుతుంది? వీపుకీ పొట్టకీ పెరుగు రాసుకుని, కదలడానికి లేక వరండాలో నిలబడిపోయాడు. హైమ రోజూ అదే వేళకి స్పీకరు పెట్టి అత్తగారికి ఫోన్ చేస్తుంది. ఆ సమయానికి ఆయన రోజూ ఎటో వెళ్లిపోతాడు. ఇవాళ వెళ్లే వీలు లేక మొత్తం విన్నాడు.

“మునిగాడేంటమ్మాయ్ మావాడు?” అని అడిగింది అత్తగారు.

“ఇంకా లేదత్తయ్యా.”

“చిన్నప్పుడూ ఇంతే. పుష్కరాల్లో మూడు మునకలు వేయించడానికి ముగ్గురం పట్టుకోవలసి వచ్చింది. ఇంటి బరువు వాడు మోసేదేంటి, వాడి గొడుగు వాడికి నువ్వేగా గుర్తు చేసేది.”

తర్వాత హైమ మాత్రల సంగతి చెప్పింది, ఆ పైన ప్రణవికి చేసి మాట్లాడింది, గ్యాస్ గురించి ఝాన్సీకి చెప్పింది. ఫోన్ పెట్టేసరికి నలభై నిమిషాలైంది. పెరుగు ఎండిపోయింది. తుడుచుకోవడానికి తువ్వాలు ఎక్కడుందని అడగబోయి పురుషోత్తం నోరు మూసుకున్నాడు. వెతికితే మంచం మీదే, తను పడేసిన చోటే దొరికింది.

గురువారం పొద్దున ఆయన కొత్త బదిలీ ఫారం నింపి, ఎవరినీ ఏమీ అడగకుండా నీళ్లలోకి దిగి తేలాడు. డెస్మండ్ పడవ అంచున రిజిస్టరు తెరిచి పెట్టుకున్నాడు. అడక్కుండా చెప్పిన పద్దే ఆయన పేర ఎక్కుతుంది. హైమ పడవలోనే చిన్న కాటా మీద నిలబడి ఉంది.

“అమ్మకి తినకముందు తెల్లబిళ్ల, తిన్నాక గులాబీది, పడుకోబోయే ముందు సగం,” అన్నాడు పురుషోత్తం. నడుము దాకా దిగాడు. “గ్యాస్ పదిహేనో తారీఖుకి అయిపోతుంది.” ఛాతీ దిగింది. “ప్రణవికి బుధవారం మెస్సులో తిండి సయించదు. ఆ రోజు నేను ఫోన్ చెయ్యాలి.” మెడ దాకా వచ్చాడు. ఇడ్లీ రేకుల దగ్గర హైమ వైపు చూశాడు. ఆమె సముద్రం వైపు చూసింది. ఆయన అడగలేదు. ఇంకో అంగుళం దిగాడు.

గడ్డం దగ్గర ఆగిపోయాడు. కాళ్లు ఆడించినా, ఊపిరంతా వదిలేసినా కదల్లేదు. ఇది మామూలేనని డెస్మండ్ చెప్పాడు. చివరికి మిగిలేది నోరేనని, ఏళ్ల తరబడి అంటూ వచ్చిన మాట దాన్ని పైన పట్టుకుని ఉంటుందని, ఆ మాట తప్పని ఆ నోటితోనే చెబితే తప్ప మునగదని వివరించాడు. చెప్పేది నీళ్లపైన చెప్పాలి, సాక్షి వినాలి, వాక్యం పూర్తిగా రిజిస్టరులో ఎక్కాలి. పడవకి ఇంక పది నిమిషాలే టైముంది.

తాడు దగ్గర తొమ్మిది మందీ కాఫీ కప్పులు దించి ఇటు తిరిగారు. పురుషోత్తం వాళ్ల వైపు ఒకసారి చూసి, హైమ వైపు తిరిగాడు.

“హైమా, ఇంటి బరువంతా నా మీదే ఉందన్నాను. పాతికేళ్లూ అన్నాను. అది నీ మీదుంది. తప్పు నా...”

గడ్డం, నోరు, ముక్కు వరసగా మునిగిపోయాయి. పైన నాలుగు బుడగలు మిగిలాయి.

వాక్యం అసంపూర్తిగా ఉంటే చెల్లదని డెస్మండ్ విచారంగా చెప్పాడు. హైమ కలం అడిగి పుచ్చుకుని, మిగిలిన ఆ ‘దే’ తనే రాసి, విన్నానని సాక్షి సంతకం పెట్టింది. కాటా మీద తొమ్మిది కిలోలకు దిగిన ఆమె బరువు పది గ్రాములు పెరిగింది. పరిమితి లోపలే ఉంది కాబట్టి దూకమన్నారు.