నొప్పి తెలియకుండా

ఆ ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు గారి పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, కోటు తొడుక్కోవాలి, ఈ రోజు కోసమే కొన్న కొత్త బూట్లు వేసుకోవాలి, పదింటికల్లా లైబ్రరీ హాలుకు చేరుకోవాలి. అక్కడ చర్చ. విషయం: ‘జంతువుల హక్కుల కోసం పోరాడేవాళ్ళు చట్టాన్ని మీరవచ్చా, కూడదా?’ కూడదని వాదించేది డాక్టరు గారు. మీరవచ్చు, మీరి తీరాలి, అవసరమైతే తాళాలు కూడా పగలగొట్టాలి అని వాదించేది లా చదువుతున్న ఆయన ఒక్కగానొక్క కూతురు.

ఊళ్ళో డాక్టరు గారికి రెండు విషయాల్లో పేరుంది. ఒకటి, నొప్పి తెలియకుండా పన్ను పీకడం. రెండు, జంతు సంక్షేమ సంఘం అధ్యక్ష పదవి. రెండో పనిని కూడా మొదటి పని లాగే చేయాలని ఆయన సిద్ధాంతం. “మనిషి మనసూ పన్ను లాంటిదే. ముందు మత్తివ్వాలి, తర్వాత మెల్లగా కదపాలి” అని ప్రతి సభలోనూ అనేవారు. ఈ మాట వింటే కూతురికి ఒళ్ళు మండేది. అయినా తండ్రంటే ప్రాణం. “మా నాన్న పద్ధతి తప్పే. మనిషి మాత్రం మేలిమి బంగారం” అని స్నేహితురాళ్ళ దగ్గర చెప్పుకునేది. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి డాక్టరు గారికి ఇంకే బిరుదూ అక్కర్లేకపోయింది.

స్నానానికి వెళ్ళబోతూ ఆయన ఇంటి ముందుగదిలో ఉన్న క్లినిక్కులోకి తొంగిచూశారు. మందుల అలమర వెనక నుంచి సన్నగా కీచుమని వినిపించింది.

కొంతకాలంగా ఆ గదిలో ఒక ఎలుక కాపురం పెట్టింది. అది మందులు ముట్టదు, దూది ముట్టదు. కట్టుడు పళ్ళ కోసం మైనంతో చేసిన అచ్చులంటే మాత్రం చెవి కోసుకుంటుంది. డాక్టరు గారు అచ్చులను పై అరకు మార్చారు, అదీ పై అరకు మారింది. బోను పెడితే అందులో పెట్టింది తినేసి దర్జాగా వెళ్ళిపోయింది. ఈలోగా సంఘం వాళ్ళు ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగి, ఎలుకల్ని పట్టే జిగురు అట్టలు అమ్మడం మానేయమని కాళ్ళావేళ్ళా పడి, ఉన్న సరుకంతా తెచ్చి ఈ క్లినిక్కులోనే ఒక పెట్టెలో పడేశారు. దాన్ని వదిలించుకునే బాధ్యత అధ్యక్షుల వారిది. అధ్యక్షుల వారు అందులోంచి ఒక అట్ట తీసి, కళ్ళు మూసుకుని, అలమర వెనక పెట్టారు. కళ్ళు మూసుకుంటే పాపం సగమే అంటుతుందని అనుకున్నారేమో తెలియదు.

ఇప్పుడు ఆ అట్ట మీద ఎలుక ఉంది. బతికే ఉంది. కాళ్ళు జిగురులో కూరుకుపోయి, తల ఒక్కటే ఎత్తి, కుర్చీలో కూర్చున్న పేషెంటు చూసినట్టు ఆయన వంకే చూస్తోంది. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. ఈ అట్టల మీద కన్నీళ్ళతో కరపత్రం రాసింది ఆయనే. ‘ప్రాణం ఉండగానే అతుక్కుపోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి’ అన్నది అందులో మొదటి వాక్యం.

“ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది!” లోపలి నుంచి భార్య కేకేసింది.

“వస్తున్నానోయ్!” అన్నారు, ఎలుకలాంటి గొంతుతో.

అట్ట పుస్తకంలా మడతపడుతుంది. ఎలుక ఉన్న సగం మీద రెండో సగాన్ని ఇంటికప్పులా వంచి, రెగ్జిన్ సంచిలో పెట్టారు. కరపత్రంలో చివరి వాక్యం గుర్తొచ్చింది: ‘నూనె రాస్తే జిగురు వదులుతుంది.’ వంటింట్లో భార్య ఉంది కాబట్టి వంటనూనె దొరికే ఆశ లేదు. పంటినొప్పికి వాడే లవంగ నూనె సీసా బల్ల మీదే ఉంది, దాన్నీ సంచిలో పడేశారు. లైబ్రరీ వెనక ఖాళీ స్థలం ఉంది. అందరికంటే ముందు వెళ్ళి, ఎలుకను అక్కడ వదిలేసి, అట్టను చెత్తకుండీలో పారేసి, ఇక మీదట జీవితాంతం నిజాయితీగా బతకాలని నిర్ణయించుకున్నారు. స్నానం మానేసి, కోటు తగిలించుకుని, గబగబా బయటికొచ్చారు.

కారు దగ్గర కూతురు తాళంచెవి తిప్పుతూ నిలబడి ఉంది. “నేను నడుపుతా నాన్నా.”

“నువ్వు తర్వాత రా తల్లీ. నాకు తొందర.”

“తొందరైతే నేనే నడపాలి. నువ్వు నడిపితే సైకిళ్ళు దాటిపోతాయి.”

ఆయన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చోగానే భార్య గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. నల్లటిదేదో చేత్తో ఎత్తి చూపిస్తూ, “ఏమండీ! ఆగండి! ఇవి…” అంది. పెట్టెలోని మిగతా అట్టలను లెక్కబెట్టేసిందని డాక్టరు గారు హడలిపోయారు.

“పోనీ తల్లీ, పోనీ! మీ అమ్మ మొదలుపెడితే చర్చ ఇక్కడే అయిపోతుంది.”

మొదటి మలుపులోనే సంచి కీచుమంది.

“ఏంటా చప్పుడు?”

“బూట్లు” అన్నారు డాక్టరు గారు. “కొత్తవి కదా, అరుస్తున్నాయి.”

“కూర్చున్నప్పుడు కూడానా?”

“బిగుతుగా ఉన్నాయిలే.”

కూతురు ఒకసారి ఆయన కాళ్ళ వైపు చూసి, మళ్ళీ రోడ్డు మీదికి చూపు తిప్పింది. “బావున్నాయి” అంది. ఆ తర్వాత దారంతా ఒక్క మాటా మాట్లాడలేదు. మనసులో వాదన పేర్చుకుంటోంది కాబోలని ఆయన సరిపెట్టుకున్నారు.

లైబ్రరీ గుమ్మంలోనే రిటైర్డ్ జడ్జి గారు ఎదురయ్యారు. ఈ పూట సభాధ్యక్షులు ఆయనే. ఈ మధ్యే డాక్టరు గారి చేత పళ్ళ సెట్టు కట్టించుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన నోట్లో ‘స’ బతికి బట్టకట్టడం లేదు. “రండి డాక్టరు గారూ! షభ నిండిపోయింది. అన్నట్టు, మీ పళ్ళు షర్దుకుంటాయన్నారు, ఇంకా షర్దుకోలేదు.”

“సర్దుకుంటాయండీ, సర్దుకుంటాయి. ఒక్క క్షణం, చేతులు కడుక్కొస్తాను.”

ఖాళీ స్థలంలోకి వెళ్ళే తలుపుకు తాళం వేసి ఉంది. చట్టాన్ని మీరకూడదన్న పక్షం కాబట్టి డాక్టరు గారు దాన్ని ముట్టుకోలేదు. బాత్రూంలో దూరి గడియ పెట్టుకుని, అట్ట విప్పి, దూదితో లవంగ నూనె రాయడం మొదలుపెట్టారు. “అయిపోయింది, అయిపోయింది. కొంచెం ఓర్చుకోండి, నొప్పి తెలియదు” అని అలవాటు కొద్దీ ఎలుకకు చెప్పారు. ఒక కాలు వదిలింది. అంతలో తలుపు దబదబా మోగింది.

“డాక్టరు గారూ, షమయమైంది! లోపల ఎవరితో మాట్లాడుతున్నారు?”

“ఉపన్యాసమండీ! సాధన చేస్తున్నా!”

కంగారులో అట్టను గుండెకు హత్తుకున్నారు. ఎలుక లేని సగం చొక్కాకు అతుక్కుంది, ఇక వదల్లేదు. లాగితే చొక్కా వచ్చింది, ఇంకా లాగితే బనియనూ బయల్దేరింది. నూనె సగం కోటు మీద ఒలికింది. చేసేది లేక కోటు గుండీలన్నీ పెట్టేసుకుని, సీసా జేబులో వేసుకుని, వేదికెక్కారు.

ముందు కూతురు మాట్లాడింది. “కోళ్ళ ఫారం గోడ వెనక ఏం జరుగుతోందో మనకెలా తెలిసింది? ఎవరో ఒకళ్ళు దొంగతనంగా లోపలికెళ్ళి ఫొటో తీశారు కాబట్టి. అనుమతి అడిగి వెళ్తే అద్దంలా తుడిచిన గది చూపిస్తారు. లోపల దాచుకున్నవాళ్ళు తమంతట తాము ఎప్పుడూ చెప్పరు. బయటపెట్టాలి. సిగ్గుపడేలా చెయ్యాలి.” చివరి మాట అంటూ తండ్రి కోటు వైపు చూసింది. కుర్రకారు చప్పట్లు కొట్టారు.

డాక్టరు గారు లేచారు. హాలంతా లవంగాల వాసన గుప్పుమంది. ముందు వరుసలో వాళ్ళు ఆయన కాళ్ళ వైపు చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. నూనె కారుతోందేమోనని ఆయన బల్ల వెనక్కి జరిగారు.

“సిగ్గుపడేలా చేస్తే మనిషి మారడండీ. దాచడం నేర్చుకుంటాడు” అని మొదలుపెట్టారు. ఇంట్లో రాసుకున్నప్పుడు ఈ మాట ఎంతో అందంగా అనిపించింది. ఇప్పుడు తన గురించే రాసుకున్నట్టుంది. కోటు లోపల ఎలుక మరో కాలు విడిపించుకుంటోంది. “మనం తాళం పగలగొడితే… అబ్బా… వాళ్ళు ఇంకా పెద్ద తాళం వేస్తారు. అందుకని మెల్లగా… మెల్లగా… అమ్మో… నచ్చజెప్పాలి.” ఆయన మెలికలు తిరిగిపోయారు. చక్కిలిగింతలకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

“మూగజీవాల బాధ చెప్తూ మనిషి ఎలా అయిపోతున్నారో చూడండి పాపం” అని వెనక వరుసలో ఒకావిడ కళ్ళొత్తుకుంది.

అప్పుడు ఎలుక కాలరులోంచి పైకొచ్చింది. డాక్టరు గారి భుజం మీద కూర్చుని, ఒంటికి అంటిన లవంగ నూనెను ఒకసారి నాకి చూసి, తల విదిలించి, సభను కలయజూసింది. సభ కుర్చీల మీదికెక్కింది. “షైలెన్స్! షైలెన్స్!” అని జడ్జి గారు బల్ల గుద్దారు. ఇక కోటు విప్పక తప్పలేదు. గుండీలు తీసేసరికి గుండె మీద పతకంలా జిగురు అట్ట.

హాలు మరుక్షణం చప్పట్లతో దద్దరిల్లింది.

“ఎవడో పెట్టిన జిగురులోంచి కాపాడి తెచ్చారు!”

“మాటలు కాదు, చేసి చూపించారు!”

“పెట్టినవాడి చేతులు పడిపోను!”

ఆ చప్పట్లకు బెదిరి ఎలుక తెర వెనక్కి దూకి మాయమైంది. డాక్టరు గారికి ఆ అదృష్టం లేదు.

కూతురు దగ్గరికొచ్చింది. “కదలకు నాన్నా” అని, జేబులోంచి సీసా తీసి, మిగిలిన నూనెతో అట్ట అంచును మెల్లమెల్లగా ఊడదీసింది. చొక్కా వైపుకు తిరిగి ఉన్న అంచున ఎర్ర సిరాతో ‘ఎవరూ వాడరాదు’ అని ఉంది. పెట్టెలో ఉన్న ప్రతి అట్ట మీదా అలా రాసింది ఆమే. తన రాత తను చదువుకుంది. ఆయన ఆమె మొహంలోకి చూశారు. ఆమె ఆయన వంక చూడలేదు. జవాబు చెప్పే వంతు ఆమెది. మైకు ముందుంది, సాక్ష్యం చేతిలో ఉంది. ఆ అట్టను జనం వైపు తిప్పితే చాలు, గెలుపు ఆమెది.

ఆమె అట్టను మడిచి చంకలో పెట్టుకుంది. “నేను చెప్పేదేం లేదండీ” అంది. “ఈ రోజుకి మా నాన్నగారి పద్ధతే మంచిదనుకుంటున్నా. ఎవర్నీ సిగ్గుపడేలా చెయ్యక్కర్లేదు.” వెళ్ళి కూర్చుంది.

“షంతోషం! గెలుపు డాక్టరు గారిది!” అన్నారు జడ్జి గారు.

డాక్టరు గారికి భూమి చీలి తనను మింగేస్తే బావుండుననిపించింది. మెత్తగా పీకితే నొప్పి తెలియదని ఇన్నేళ్ళుగా ఊరందరికీ చెబుతూ వచ్చారు. కూతురు ఇంకెవరూ పీకలేనంత మెత్తగా పీకింది. నొప్పి మాత్రం ప్రాణం పోయేట్టుంది. ఆయన మైకు లాక్కున్నారు.

“ఆగండి. ఆ అట్ట పెట్టింది నేనే.”

ఆయన చొక్కా మీద మిగిలిన జిగురు మరకను చూపించారు.

“మనం దుకాణాల నుంచి తెచ్చిన వాటిలోదే. పెట్టినవాడి చేతులు పడిపోవాలన్నారు కదా, అవి ఇవే. చాటుగా వదిలేద్దామని తెచ్చి దొరికిపోయాను. అంతా తెలిసీ మా అమ్మాయి నా పరువు కాపాడింది. దానికి నేను తగను.” తిట్లు తినడానికి తల వంచుకుని నిలబడ్డారు.

తిట్లు రాలేదు. ముందు వరుసలోని కిరాణా కొట్టు ఆసామి మర్యాదగా లేచాడు. “మీలాంటివారు ఎందుకు పెట్టారండీ?”

“పళ్ళ అచ్చులు కొరికేస్తోందండీ. మైనంవి.”

జడ్జి గారు ముందుకు వంగారు. “ఎవరి అచ్చులు?”

నిజం చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో డాక్టరు గారికి అలవాటు లేదు. “ఒకరివని కాదండీ. కొరికిన చోటల్లా నేనే మళ్ళీ మైనం పూసి దిద్దాను.”

“ఎవరివీ అని అడుగుతున్నాను.”

“మీవి కూడా అండీ.”

హాలులో సగం మంది చేతులు నోళ్ళ మీదికి వెళ్ళాయి. జంతువుల హక్కులను తలుచుకున్నవాడు ఆ తర్వాత ఒక్కడూ లేడు. “నా కింది వరుస ఊగేది అందుకా!” అని ఒకరు లేచారు. “ఎలుక ఎంగిలా నా నోట్లో!” అని కళ్ళొత్తుకున్న ఆవిడే కేకలేసింది. జడ్జి గారు పళ్ళ సెట్టు ఊడదీసి, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, చేతిరుమాల్లో మూటకట్టుకున్నారు.

“సభ సమాప్తం” అన్నారు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

తిరుగు దారిలో డాక్టరు గారు కూతురి వైపు తిరిగారు. “నువ్వు చెప్పేయాల్సింది తల్లీ. నాకు అదే తేలిగ్గా ఉండేది.”

“నువ్వే చెప్తావేమోనని చూశా నాన్నా. పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నా.”

“పొద్దుట్నుంచా? అట్ట చూశాక కదా నీకు తెలిసింది?”

“ఏం చేశావో అప్పుడే తెలిసింది. అబద్ధమాడుతున్నావని కారులోనే తెలిసింది.”

ఎలా తెలిసిందని అడిగేలోపే కారు ఇంటి ముందు ఆగింది. గేటు దగ్గర భార్య నిలబడి ఉంది. నల్లగా మెరిసిపోతున్న కొత్త బూట్లు ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి. డాక్టరు గారు మెల్లగా కిందికి, తన కాళ్ళ వైపు చూసుకున్నారు.

స్నానాల గదిలో వేసుకునే రబ్బరు చెప్పులు ఎంత బిగుతుగా ఉన్నా అరవవు.