మా ఇంట అప్‌గ్రేడ్ మహోత్సవం

సంసారం చక్కబడాలంటే తీర్థయాత్రలు అక్కర్లేదు, వ్రతాలు అక్కర్లేదు. ఇంట్లో కంప్యూటర్ ఉంటే దానికి కొత్త వెర్షన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించండి, చాలు! నవ్వకండి. స్వానుభవంతో చెబుతున్నాను.

మేం హఫీజ్‌పేట్‌లో ఉంటాం. నేను ప్రభుత్వోద్యోగిని. మా ఆఫీసులో కంప్యూటర్ ఒకటుంది గానీ, దానికి ముసుగు వేసి ఉంచుతాం. దసరాకి బొట్టు పెట్టేటప్పుడు తప్ప ముసుగు తీయం. మా ఆవిడ వాసంతి ఉద్యోగం మాత్రం హైటెక్ సిటీలో, కొత్తగా లేచిన అద్దాల మేడలో. ఆ మేడవాళ్లు ఒకరోజు ఒక కాగితం ఇచ్చి పంపారు. ఇళ్లల్లో కంప్యూటర్లున్న ఉద్యోగులంతా కొత్త వెర్షన్‌కి మారిపోవాలట. చేయి అలవాటు పడుతుందట. కాగితం పైన పెద్ద అక్షరాలతో ‘మీ కంప్యూటర్‌ను సిద్ధం చేసుకోండి’ అని ఇంగ్లీషులో ఉంది.

ఎంత మర్యాద చూశారా! వచ్చేవాడు మన ఇంటికి తగినట్టుగా రావడం కాదు, మనమే వాడికి తగినట్టు సర్దుకోవాలి. మగపెళ్లివారికి విడిది ఏర్పాటు చేయమన్నట్టు లేదూ?

విడిదికి మొదట కావలసింది జాగా. మా ఇంటి కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో ఖాళీ లేదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని అంతసేపు మాట్లాడుకున్నది లేదు. నా జాతకాల సాఫ్ట్‌వేర్ అనవసరమంది వాసంతి. ఆవిడ రంగురంగుల చేపల బొమ్మలు అనవసరమన్నాను నేను. చివరికి ఇద్దరం రాజీకి వచ్చి, నా జాతకాలూ నా పేకాటా తీసేశాం. దాంపత్యమంటే అదే కదా!

అన్ని ప్రోగ్రాములూ ఆపేసి మొదలుపెట్టాలని కాగితంలో ఉంది. ఎందుకైనా మంచిదని నేను టీవీ ఆపాను, రేడియో ఆపాను, వంటింట్లో తిరుగుతున్న మిక్సీ కూడా ఆపాను. మిక్సీ విషయంలో మాత్రం మాట పడ్డాను.

మధ్యలో కరెంటు పోకూడదన్నారు. మా కాలనీలో అది లైన్‌మన్ ఓదెలు చేతిలో ఉన్న పని. వెళ్లి, ఆదివారం ఒక్క పూట కరెంటు తీయవద్దని బతిమాలాను.

“ఏంది సార్, ఇంట్ల పెండ్లా?” అన్నాడు.

“కాదు ఓదెలూ, అప్‌గ్రేడ్.”

“గదేందో నాకు దెల్వదు గానీ, మంచిగ టెంకాయ గొట్టి షురూ జేయున్రి. ఫికర్ జేయకున్రి, నేను జూస్కుంట.”

చూశారా! కాలనీలో కూరగాయలు కొనేటప్పుడు తప్ప తలెత్తి చూడని నాకు ఒక స్నేహితుణ్ని సంపాదించి పెట్టింది ఈ అప్‌గ్రేడ్.

ఇక ఉన్న ఫైళ్లన్నిటినీ ఫ్లాపీల్లోకి ఎక్కించి భద్రపరచుకోవాలి. ఆ ఫ్లాపీలు దాచుకోవడానికి మా అత్తగారు కనకలక్ష్మి తన జంతికల డబ్బా ఇచ్చారు. ఇవ్వక ఏం చేస్తారు? ఆ ఫైళ్లలో సగానికి పైగా ఆవిడవే.

మా అత్తగారు రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, బోర్డు మీద తీగలు గుచ్చి, ఊళ్లను ఊళ్లతో కలిపిన మనిషి. మా దగ్గరికి వచ్చాక ఊరుకోలేక వాసంతి దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నారు. కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించి, రెండు వేళ్లతో తన ఉద్యోగం కథ రాయడం మొదలుపెట్టారు. ట్రంక్ కాల్‌లో పురిటి కబుర్లు, పోట్లాడుకున్న అన్నదమ్ముల్ని లైన్ కలిపి మాట్లాడించడం, తుఫాను రోజున ఊరంతటికీ మిగిలిన ఒకే ఒక లైనూ, అన్నీ రాస్తున్నారు. ఇంకొక్క అధ్యాయం రాస్తే పుస్తకం పూర్తవుతుందన్నారు.

ఆదివారం చర్చి అవగానే జాన్సన్ వచ్చాడు. వాసంతి ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసేది అతనే. బంగారం లాంటి కుర్రాడు. సీడీ పెట్టాడు, బటన్లు నొక్కాడు. తెర మీద నీలిరంగు గీత నత్తలా పాకింది. మేం కాఫీ తాగాం, భోంచేశాం, మళ్లీ కాఫీ తాగాం. ఓదెలు మాట నిలబెట్టుకున్నాడు. చివరికి కంప్యూటర్ వీణ మీటినట్టు శబ్దం చేసి లేచింది.

ఆహా, ఏం రంగులు! ఏం కిటికీలు! పాత వెర్షన్‌లో గడియారం బల్లపరుపుగా ఉండేది, ఇందులో నీడ పడుతోంది! నీడ పడే గడియారం లేకుండా ఇన్నాళ్లూ ఎలా బతికామా అనిపించింది.

“అమ్మా, నువ్వూ చూడు,” అంది వాసంతి.

మా అత్తగారు కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నారు. తన ఫైలు తెరిచారు. తెర నిండా ప్రశ్నార్థకాలు, గళ్లు, కొక్కేలు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఏవో ఇంగ్లీషు అక్షరాలు. కిందికి జరిపారు. అవే. ఇంకో ఫైలు. అవే.

ఆవిడ చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

జాన్సన్ ముఖం వాడిపోయింది. ఏవేవో నొక్కి చూశాడు. “ఫైల్స్ మంచిగనే ఉన్నయి ఆంటీ, ఎక్కడికీ పోలేదు. ఆ తెలుగు ఫాంటే ఈ కొత్త వెర్షన్ల నడుస్తలేదు.”

“మరెలా నాయనా?”

“ఫాంట్ అమ్మిన కంపెనీవాళ్లు కొత్తది తీసుకురావాలె. అందాక...” అతను కాస్త మొహమాటపడ్డాడు. “అందాక ఇంగ్లీష్‌ల కొట్టుకోండి ఆంటీ. చాలా ఈజీ.”

మా అత్తగారు నవ్వారు. “మా ఎక్స్ఛేంజీ ఆటోమేటిక్ అయినప్పుడూ ఇలాగే అన్నారు నాయనా. చాలా ఈజీ, మీరు సిద్ధంగా ఉంటే చాలు అని. సిద్ధంగానే ఉన్నాం. బోర్డు తీసేశారు, మమ్మల్ని రికార్డు రూములో కూర్చోబెట్టారు. ఆ చివరి రోజు గురించే రాయాలని కూర్చున్నాను.”

జాన్సన్ సీడీ తీసి కవర్లో పెట్టుకున్నాడు. నీడ పడే గడియారం మాత్రం నడుస్తోంది.

మర్నాడు ఆవిడే ఫాంట్ కంపెనీకి ఫోన్ చేశారు. అవతల రికార్డు చేసిన గొంతు పలికింది: ఇంగ్లీషుకి ఒకటి నొక్కండి, హిందీకి రెండు నొక్కండి. తెలుగు ఫాంటు అమ్మే కంపెనీ! మా అత్తగారు రిసీవర్ చెవికి ఆనించుకుని, మూడోది వస్తుందేమోనని చాలాసేపు ఆగారు. రాలేదు. ఫోన్ పెట్టేసి నాతో అన్నారు: “లైన్లో మనిషి లేడు అల్లుడుగారూ.”

తిట్లు తిట్టినా నేను తట్టుకునేవాణ్ని. ఆ మాట మాత్రం తట్టుకోలేకపోయాను.

ఆ సాయంత్రం వాసంతి ఆఫీసు నుంచి వస్తూనే చెప్పులైనా విడవకుండా, “ఏవండీ, తీయించేద్దాం,” అంది.

“మీ ఆఫీసువాళ్లో?”

“ఆఫీసులో ఆఫీసుది నేర్చుకుంటాను. ఇది మన ఇల్లు.”

జాన్సన్ మళ్లీ వచ్చాడు. కొత్త వెర్షన్‌తో సహా డిస్క్ మొత్తం తుడిచేసి పాతదే ఎక్కించాడు. జంతికల డబ్బా తెరిచి ఒక్కో ఫ్లాపీ పెడుతుంటే, మా అత్తగారి తెలుగు గుండ్రంగా, తలకట్లతో సహా తిరిగి వచ్చింది. అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదోనని వాసంతి పైకి చదువుతోంది, మేం వింటున్నాం. అన్నదమ్ముల ఫోన్ పోట్లాట దగ్గర జాన్సన్ పగలబడి నవ్వి, “ఆంటీ, తర్వాత ఏమైంది?” అని పని ఆపేసి కూర్చున్నాడు.

ఒక్క ఫ్లాపీ మాత్రం కిర్రుమని మొండికేసింది. అందులో ఉన్నది తుఫాను అధ్యాయం. పోయింది! మా అత్తగారు నిట్టూర్చి, మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. మొదటిసారి మరిచిపోయిన సంగతులు ఈసారి గుర్తుకొచ్చాయట. అధ్యాయం రెండింతలైంది. ఆ తర్వాత ఎక్స్ఛేంజీ చివరి రోజూ రాసి, కింద ‘సమాప్తం’ అని కొట్టి, మాకందరికీ పాయసం చేసి పెట్టారు.

కాబట్టి నేను ఇప్పటికీ అదే అంటాను. అప్‌గ్రేడ్ మహా గొప్పది! ఆలుమగల్ని మాట్లాడిస్తుంది, లైన్‌మన్‌తో స్నేహం కలుపుతుంది, సాహిత్యాన్ని రెండింతలు చేస్తుంది. అన్నీ చేస్తుంది. తెలుగొక్కటే చదవదు. అంత చిన్న లోపానికి గొడవెందుకు చెప్పండి?

మొన్న వాసంతిని వాళ్ల మేనేజరు పిలిచి, ఇంట్లో ఏ వెర్షన్ వాడుతున్నారని అడిగాడట.

“మా అమ్మ చదువుకోగలిగిన వెర్షన్ అండి,” అందట మా ఆవిడ.

అదేం వెర్షన్, ఎప్పుడొచ్చింది, నేను వినలేదే అని ఆయన ఇంగ్లీషులో తెగ ఆశ్చర్యపోయాడట. పాపం, ఆయనది గుంటూరే. కాకపోతే అప్‌గ్రేడ్ అయి చాలా కాలమైంది.