పాడవని కంప్యూటర్‌కు మరమ్మతు

ఆ పొద్దున బహ్‌గత్ వేసుకున్న పథకం రోజూ వేసుకునేదే. చిక్కుడుగింజల కూరతో రొట్టె తిని, గడ్డం గీసుకుని, షుబ్రాలో మెట్రో ఎక్కి, పదింటికల్లా బాబ్ అల్లూక్ కంప్యూటర్ బజారు చేరాలి. ఏ ప్రాసెసర్ కొనాలో తేల్చకుండా మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి.

ఆయన కైరో ట్రాం కంపెనీలో ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసి దిగిపోయిన మనిషి. భార్య పోయి మూడేళ్లయింది. పిల్లలు లేరు. కంప్యూటర్ ఉంది, నిక్షేపంగా పనిచేస్తోంది. మూడు వారాల కిందట మౌస్ కొందామని వెళ్తే ఓ కొట్టు యజమాని షలబీ కుర్చీ వేసి, టీ తెప్పించి, "మిషన్ ఎలా ఉంది ఉస్తాజ్?" అన్నాడు, అయ్యగారూ అన్నంత మర్యాదగా. మిషన్ గురించే కావచ్చు, ఎలా ఉందని ఒక మనిషి ఆయన్ను అడిగి చాలాకాలమైంది. "ఏం బాగాలేదు, మరీ నత్తనడక" అనేశాడు బహ్‌గత్. ఆ ఒక్క అబద్ధంతో ఆయనకు బజారులో రోజూ కుర్చీ ఖాయమైంది.

షలబీ అమ్మేవి ఐరోపా ఆఫీసులు వదిలించుకున్న మిషన్లలోంచి పీకిన పాత ప్రాసెసర్లు. ఎదురు కొట్టు గిర్గిస్‌ది. అతనివి పెట్టె విప్పని కొత్తవి, చవకరకం. కొట్టు పేరు బోర్డు ఎవరిది ఎవరికి అడ్డమొచ్చిందన్న తగువులో ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. ఇప్పుడు బహ్‌గత్ దొరికాడు కాబట్టి ఆయన ద్వారా తిట్టుకుంటున్నారు.

"నావాటికి నాలుగు కోర్లు, ఉస్తాజ్. నలుగురు పనివాళ్లన్నమాట. ఎదురుకొట్లో అదే డబ్బుకి ఇద్దరొస్తారు," అన్నాడు షలబీ.

ఆ మాట మోసుకుని బహ్‌గత్ ఆరడుగులు దాటాడు. గిర్గిస్ టీ చేతికిచ్చాడు. "నలుగురూ ముసలాళ్లేనని చెప్పండి ఆయనకి. పదేళ్లనాటి సరుకు. కరెంటు తాగుతాయి, పెనంలా కాగుతాయి, కొత్త విండోస్ వాటిని గడప తొక్కనివ్వదు. నావాళ్లు ఇద్దరే, కానీ కుర్రాళ్లు."

ముసలాళ్లన్న మాట బహ్‌గత్‌కు కాస్త గుచ్చుకుంది. అయినా తిరిగి మోశాడు.

"కుర్రాళ్లకి నాలుగు పనులు ఒకేసారి అప్పజెప్పి చూడమనండి, ఏడుస్తూ కూర్చుంటారు!" అన్నాడు షలబీ.

ఇది రోజూ ఉండే వేడుకే. ఆ రోజు మాత్రం గిర్గిస్‌కు రోషమొచ్చింది. "రోగిని చూడకుండా మూడు వారాల్నుంచి ఈ వైద్యమేంటి? పదండి ఉస్తాజ్, మీ ఇంటికొచ్చి నేనే చూస్తా. పైసా ఇవ్వక్కర్లేదు."

ఆ మిషన్ వీళ్లు చూస్తే ఇక ఆ కుర్చీ లేదు, ఆ టీ లేదు. "వద్దండీ, మీకెందుకు శ్రమ," అన్నాడు బహ్‌గత్.

కైరోలో మొదటి 'వద్దు' మర్యాదకు, రెండోది ఆప్యాయతకు, మూడోది తప్పక రమ్మనడానికి. ఆ సంగతి బహ్‌గత్‌కూ తెలుసు. కానీ నిజంగా వద్దనడానికి వేరే మాట ఉంటేగా? మూడుసార్లూ అన్నాడు. పైగా ఒట్టు కూడా వేశాడు. ఒట్టు వినేసరికి గిర్గిస్ మనసు కరిగి, షట్టరు దించేశాడు.

"అతనొక్కడే వెళ్తే కొత్తదే అంటగడతాడు. నేనూ వస్తా!" అని షలబీ వ్యాను తీశాడు.

"ఇల్లు సర్దలేదు," అన్నాడు బహ్‌గత్.

"మేం ఇల్లు కొనడానికి రావట్లేదుగా."

"నాలుగో అంతస్తు, లిఫ్టు పనిచేయదు."

"నాలుగంతస్తులే కదా!"

"ఇంట్లో ఎవరూ లేరు." ఇదే అన్నిటికన్నా పెద్ద నిజం.

"మరీ మంచిది, ఎవరికీ ఇబ్బందుండదు," అన్నాడు గిర్గిస్.

ఉత్తచేతులతో వెళ్లకూడదని దారిలో మిఠాయి కొన్నారు. ముందుగా పైకెళ్లి ఏదో ఒక తీగ పీకేద్దామని బహ్‌గత్ గబగబా మెట్లెక్కాడు. రెండో అంతస్తుకే ఆయాసమొచ్చి కూలబడ్డాడు. పెద్దాయన పాపం మా కోసం తొందరపడుతున్నాడనుకుని, వాళ్లు చెరో రెక్కా పట్టుకుని ఆయన్ను ఆయన ఇంటికే మోసుకెళ్లారు.

గిర్గిస్ మీట నొక్కాడు. షలబీ మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టేలోపే మిషన్ మేల్కొంది. తెర మీద సగం ఆడి వదిలేసిన పేకాట ఉంది, ఒంటరిగా ఆడుకునే రకం.

షలబీ టీ పెడదామని వంటింట్లోకెళ్లాడు. గ్లాసులు నాలుగున్నాయి. ఒకటి కడిగి బోర్లించి ఉంది, మూడింటికి దుమ్ము పట్టింది. అతను వాటిని తోమి తెచ్చేదాకా బహ్‌గత్ తలెత్తలేదు.

"అబద్ధం చెప్పాను. దానికేం కాలేదు. ఇక్కడ సాయంత్రమయ్యేసరికి నా గొంతు నేనే మర్చిపోతున్నా. మీరక్కడ నోరారా ఉస్తాజ్ అని పిలిచేవారు," అన్నాడు. ఇంక వాళ్ల ముఖం చూడలేనని ఆయనకు తెలిసిపోయింది.

షలబీ మిషన్ మీదికి వంగాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత ఆరేళ్లలో మొదటిసారి ఎదుటివాణ్ణి సూటిగా పిలిచాడు. "గిర్గిస్, నీకేమన్నా శబ్దం వినిపిస్తోందా?"

మిషన్ చప్పుడే చేయడం లేదు. గిర్గిస్ చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "వినిపిస్తోంది. లక్షణాలేం బాగాలేవు."

"పాతది వేస్తే?"

"తొందరపడకు. పాతదీ చూడాలి, కొత్తదీ చూడాలి. ఒకరోజుతో తేలేది కాదు."

"ఉస్తాజ్, రేపు పదింటికల్లా వచ్చేయండి," అన్నాడు షలబీ, మిఠాయి ముక్క ఆయన చేతిలో పెడుతూ. "ఆలస్యం చేస్తే మిషన్ దక్కదు."

ఆ మరమ్మతు ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది.