మూడో ఖాకీ చొక్కా

నూకలపేటలో ఒకే రంగు చొక్కాలవాళ్ళు ముగ్గురు సందు లేకుండా వరసగా నిలబడితే ఠాప్‌మని పేలి మాయమైపోతారు. ఇందులో వింతేమీ లేదు. ఇంటిపన్ను రసీదు వెనకాల, తడి చెత్త పొడి చెత్త వేరు చేయండి అన్న మాట కింద, ఈ మాట కూడా మునిసిపాలిటీవారు అచ్చేయించారు. రక్తం రాదు, అరుపు ఉండదు. బాగా మాగిన పండు నేలమీద పడ్డట్టు చిన్న చప్పుడు, కాస్త తియ్యటి వాసన, అంతే. మునిసిపల్ ఆఫీసు ముందున్న పెద్ద బోర్డు మీద మార్కులు పెరుగుతాయి. ఆ మార్కులు ఎవరికి పడతాయో తెలీదు. పైనుంచి ఎవరో ఆడుతున్నారని ఊరంతా ఒప్పుకుందిగానీ, ఎవరని అడగడం ఆ ఊళ్ళో మర్యాద కాదు.

పోయినవాళ్ళ చోటు ఖాళీగా ఉండదు. వెనకున్నవాళ్ళు ముందుకు జారతారు. వాళ్ళ వెనక, చుట్టుపక్కల పల్లెల నుంచి అదే రంగు చొక్కాలతో కొత్తవాళ్ళు దిగుతారు. ఖాళీ ఉండకూడదన్నది మొదటి నియమం. మొగుడు పోయిన సంగతి పెళ్ళానికి ఎలా తెలుస్తుందంటే, అతను రోజూ నిలబడేచోట వేరే మనిషి నిలబడి టీ తాగుతూ కనిపిస్తాడు.

డబ్బున్నవాళ్ళకి ఈ పీడ లేదు. వాళ్ళది పూటకో రంగు. బాధంతా ఒకే రంగు గుడ్డ తొడుక్కుని పనిచేసేవాళ్ళకే: రోడ్లూడ్చేవాళ్ళు, ఆస్పత్రి ఆయాలు, గేటు కాపలావాళ్ళు, ఆటోవాళ్ళు. తెల్లచొక్కాల నాయకులు వీధి పట్టనంతమంది భుజాలు రాసుకుంటూ ఊరేగినా ఒక్కడూ పేలలేదు. ఇదేం న్యాయమని ఎవరో అడిగితే, మునిసిపల్ ఇంజనీరు స్వయంగా వచ్చి చూసి, ఆ తెలుపులన్నీ వేరు వేరు తెలుపులని రాసిచ్చాడు. పోలీసు ఖాకీ, ఆటో ఖాకీ ఒకటి కావని అంతకుముందే ఉత్తర్వుంది.

కోటిలింగం ఆటో ఖాకీ. పాత బస్టాండు వెనక స్టాండులో ఆటో పెట్టుకుంటాడు. ఆ స్టాండు చూడ్డానికి చిందరవందరగా ఉంటుంది కానీ లెక్క ప్రకారమే ఉంటుంది. రెండు ఆటోలు, ఒక టీబండి, మళ్ళీ రెండు ఆటోలు, ఒక చెరుకురసం బండి. ఒకప్పుడు వాళ్ళకీ ఒక యూనియన్ ఉండేది. మొదటి మీటింగు రోజున సభ్యులంతా కలిసి వరసగా నిలబడి ఫొటో దిగారు. ఫొటోలో వెనకాల గోడ బాగా వచ్చింది.

బేరం లేనప్పుడు కోటిలింగం ఫోనులో పండ్ల ఆట ఆడేవాడు. మామిడి, జామ, సీతాఫలం, నేరేడు. ఒకదాన్ని వేలితో పక్కకి జరిపితే మూడు ఒకటవుతాయి, ఠాప్‌మంటాయి, పైనున్నవి జారిపడతాయి. ఆ జారడంలో ఇంకో మూడు వాటంతటవే కలిస్తే ఫోనులోంచి ఆడగొంతు ‘శభాష్’ అంటుంది. ఇంట్లోగానీ రోడ్డుమీదగానీ అతన్ని శభాష్ అన్నవాళ్ళు వేరే లేరు. ఏడో తరగతిలో బడి మానేశాక అతను దాటిన తరగతులన్నీ ఈ ఫోనులోవే. ఆటలో పొద్దునొక రూలు, సాయంత్రమొక రూలు ఉండదు. ఎంత చిక్కుముడి ఇచ్చినా విప్పే దారి ఎక్కడో పెట్టే ఇస్తారు. ఓడిపోతే మళ్ళీ మొదలెట్టుకోవచ్చు. బయట వీటిలో ఒక్కటీ అతనికి దొరకలేదు.

అన్నిటికంటే రుచి ఇంకోటుంది. అటొక పండు, ఇటొక పండు, మధ్యలో ఒక ఖాళీ గడి. అది కనిపిస్తే మూడోదాన్ని తెచ్చి అందులో కుక్కేదాకా వేలు ఆగదు. కుక్కగానే గుండెల మీంచి బస్తా దించినట్టుంటుంది. ఆ పండ్లు ఎక్కడికి పోతాయని అతనెన్నడూ అనుకోలేదు. కొన్ని లెవెల్స్‌లో నల్లరాయి ఒకటి వస్తుంది. అది దేనితోనూ కలవదు, పేలదు, దారికి అడ్డంగా కూర్చుంటుంది. ఆ రాయంటే అతనికి ఒళ్ళుమంట.

ఎండలు ముదురుతున్న రోజుల్లో స్టాండు గోడకి నోటీసు అంటించారు. పక్కన కట్టిన కొత్త షాపింగ్ కాంప్లెక్సు కార్లకి చోటు చాలడం లేదట, స్టాండు ఎత్తేస్తారట. అభ్యంతరం ఉన్నవాళ్ళు అర్జీ పెట్టుకోవచ్చు. అయితే అర్జీదారులు ముగ్గురికి తగ్గకుండా యూనిఫారంలో స్వయంగా వచ్చి, అధికారి ఎదుట కలిసి నిలబడాలి.

టీబండికి అటు ఇద్దరు, ఇటు ఒకరుగా నిలబడి దీని గురించి మాట్లాడుకున్నారు. అటువైపు మస్తాను, దానియేలు. ఇటువైపు కోటిలింగం. దానియేలు స్టాండుకంతటికీ పెద్ద. మస్తానుది అందరికంటే పెద్ద నోరు.

"చూశారా వీళ్ళ కత," అన్నాడు మస్తాను. "అర్జీ ఇచ్చినోడు ఉండడు, ఉన్నోడు అర్జీ ఇవ్వలేడు."

"చొక్కాలు విప్పేసి పోదాం," అన్నాడు కోటిలింగం.

"నువ్వు విప్పితే ఆ బొర్ర చూసి కిరాణాకొట్టు షావుకారనుకుంటార్రా. కుర్చీ వేసి కూల్‌డ్రింకు ఇస్తారు, అర్జీ మాత్రం తీసుకోరు."

దానియేలు గ్లాసు కింద పెట్టాడు. "ముగ్గురం ఎటన్నా బయల్దేరితే మా అమ్మ చేతిలో రాయి పెట్టి పంపేది. ముగ్గురెళ్తే పని చెడుద్దని. రాయితో కలిపితే నలుగురన్నమాట."

"రాయి సంగతి మీ పాస్టరుగారికి తెలుసా అన్నా?" అన్నాడు మస్తాను.

"మోసింది నేనురా, ఆయన కాదు."

నవ్వుకున్నారు. కానీ స్టాండు పోతే తిరిగే రోడ్డు తప్ప నిలిచే చోటుండదని ముగ్గురికీ తెలుసు. నిలిచే చోటు లేని ఆటోకి పోలీసు చేతిలో రోజూ జరిమానాయే. స్టాండులో ఉన్న అందరి పొయ్యిలూ ఆ గోడ పక్కనే వెలుగుతున్నాయి. కోటిలింగం రైలుకట్ట దగ్గరికెళ్ళి నున్నటి రాయొకటి ఏరుకొచ్చాడు.

ఆఫీసులో సూపరింటెండెంటు వకుళాదేవిగారి బల్ల ముందు నేలమీద పసుపు రంగుతో మూడు గడులు గీసి ఉన్నాయి. వాటి పేరు అర్జీదారుల గడులు. దానియేలు, మస్తాను పక్కపక్క గడుల్లో నిలబడ్డారు. మూడో గడిలో రాయి పెట్టి, దాని అవతల కోటిలింగం నిలబడ్డాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కిందకి చూసింది.

"ఆ రాయెవరు?"

"మాతోపాటే వచ్చిందండి," అన్నాడు మస్తాను.

"అర్జీలో పేరుందా?"

"రాయికి పేరేంటి మేడమ్?"

"అయితే మీరు ముగ్గురు రాలేదయ్యా. ఇద్దరు వచ్చారు, రాయి వచ్చింది, తర్వాత ఒకడు వచ్చాడు. ఇది కలిసి రావడం కిందకి రాదు. తీసెయ్యండి దాన్ని."

"తీసేస్తే పోతాం కదమ్మా," అన్నాడు దానియేలు.

"పోతారు." ఆవిడ కసురుకోలేదు. ఓపిగ్గానే చెప్పింది. "పోయినా హాజరు పడుద్ది. హాజరు పడితే అభ్యంతరం నమోదవుద్ది. నమోదైతే ఇక ఆ స్టాండు జోలికి ఎవరూ రారు. మీ తర్వాత వచ్చేవాళ్ళు హాయిగా బండ్లు పెట్టుకోవచ్చు. రూలు మీ పక్షానే ఉంది. ఇంతవరకూ ఎవరూ వాడుకోలేదు, అంతే."

ఆ మాట మధ్యలో కోటిలింగం జేబులోంచి ఫోను ‘శభాష్’ అంది. ఆపడం మర్చిపోయాడు. వకుళాదేవిగారి మొహం మొదటిసారి విచ్చుకుంది.

"పండ్ల ఆటా? నువ్వూ ఆడతావా? నేను రాళ్ళ లెవెల్ దగ్గర ఆగిపోయా."

"నేనూ అక్కడేనండి."

"ఏం నచ్చుద్ది నీకందులో?"

కోటిలింగం కాస్త ఆలోచించాడు. అతన్ని ఏం నచ్చుద్దని అడిగినవాళ్ళు కూడా లేరు. "మూడూ కలవగానే ఖాళీ అవుద్ది కదండీ. ప్రాణం తేలిగ్గా ఉంటది."

"మాకూ అంతేనయ్యా," అంది ఆవిడ. ఎంత ఆప్యాయంగా అందంటే, అతను చెయ్యెత్తి దణ్ణం పెట్టబోయాడు.

దానియేలు వంగి రాయి తీసి గోడపక్కన పెట్టాడు. తిరిగొచ్చి మొదటి గడిలో నిలబడ్డాడు. మస్తాను ఒకసారి అతన్ని చూసి, ఒకసారి బోర్డున్న వైపు చూసి, జరిగి మూడో గడిలోకి వెళ్ళాడు. మధ్య గడి ఖాళీ.

"రారా లింగం," అన్నాడు మస్తాను. అప్పుడు కూడా నోరు ఊరుకోలేదు. "శభాష్ అనిపించుకునేది నువ్వేగా. రా."

కోటిలింగం ఆ గడి చూశాడు. అది సరిగ్గా అతని కొలతకే గీసినట్టుంది. ఫోనులో అయితే ఈపాటికి వేలు కదిలేది. కాలు కదల్లేదు. రేపు టీబండి దగ్గర తన చోట నిలబడి గ్లాసు అందుకునే మనిషెవడో అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపించాడు. వాడికి టీలో పంచదార ఎక్కువ కావాలి.

"పొద్దున్నించి నడుం పట్టేసిందన్నా," అన్నాడు.

వకుళాదేవిగారు గోడ గడియారం చూసి, మర్యాదగా ఇంకాస్సేపు ఆగి, ‘కలిసి రాలేదు’ అని రాసి సంతకం పెట్టింది. మస్తాను చొక్కా కాలరు దులుపుకుని, "నడుమేలే పాపం, వెన్నెముకుంటేగా పట్టేసేది," అనేసి బయటికి నడిచాడు. దానియేలు గోడపక్కన రాయి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. దాన్ని ఏరుకొచ్చింది కోటిలింగమే, అయినా అడగడానికి నోరు రాలేదు.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ కోటిలింగాన్ని ఆగమంది. మునిసిపాలిటీలో అడ్డుమనిషి అని కొత్త ఉద్యోగం పడిందట. నీలం చొక్కా ఇస్తారు. ఒకే రంగువాళ్ళు ఇద్దరు కనిపించినచోట మధ్యలోకి వెళ్ళి నిలబడాలి. మూడోవాడు వచ్చి చేరకుండా చూడాలి. ప్రజల ప్రాణరక్షణ కోసం. చదువుతో పనిలేదు.

"మరి ఏం చూస్తారండి?"

"వెనక్కి తగ్గిన అనుభవం ఉండాలి. నీకుందిగా, నా కళ్ళారా చూశాను."

ఆ నెల తిరక్కుండానే స్టాండు ఎత్తేశారు. అక్కడ తెల్లకార్లు ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా బారులు తీరి నిలబడ్డాయి. ఒక్కటీ పేలలేదు. ఆటోలు ఊరిమీద పడ్డాయి. నిలబడే చోటు లేక తిరుగుతూనే ఉండేవి. ఎక్కడన్నా ఇద్దరు డ్రైవర్లు చెట్టునీడన ఆగి మాట్లాడుకోబోతే, నీలం చొక్కా కోటిలింగం మధ్యలో వచ్చి నిలబడేవాడు. "దూరం, దూరం. మీ మంచికే చెప్తున్నా." మొదట్లో వాళ్ళు తిట్టేవాళ్ళు. తర్వాత అతను ఉన్నాడు కదా అని మాట్లాడుకోవడమే మానేశారు. పేలేవాళ్ళు తగ్గారని ఆఫీసువారు సంతోషించారు. కోటిలింగం ఫోనులో రాళ్ళ లెవెల్ దాటలేదు కానీ, ఆ నల్లరాయంటే అతనికి మునుపటి కోపం లేదు. ఎంతమంది పోయినా అది ఉంటుంది కదా అనుకునేవాడు.

పని బాగుందని మెచ్చుకుని మునిసిపాలిటీవారు ఇంకో ఇద్దరు అడ్డుమనుషుల్ని తీసుకున్నారు. ఓ సోమవారం పొద్దున ముగ్గురూ ఆఫీసు ముందు హాజరు వేయించుకోవాలని కబురొచ్చింది. కోటిలింగం వెళ్ళేసరికి మిగతా ఇద్దరూ వచ్చేసి ఉన్నారు. నీలం చొక్కాలు, కొత్తవి, ఇస్త్రీ మడత పోలేదు. అటొకడు, ఇటొకడు. మధ్యలో ఒక మనిషి పట్టే చోటు. మెట్ల మీద వకుళాదేవిగారు పేర్ల జాబితా పట్టుకుని నిలబడింది.

రోడ్డు అవతల ఆటో ఒకటి ఆగింది. దానియేలు. అతను దిగి, కార్ల మధ్యనుంచి గబగబా వచ్చాడు. జేబులోంచి ఆ నున్నటి రాయి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"లింగం. ఇది ఉంచుకోరా."

కోటిలింగం చెయ్యి చాపబోయాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నీలం చొక్కాకి జేబు కుట్టలేదు. చేతిలో రాయి పట్టుకుని హాజరుకి నిలబడితే ఆవిడ ఏమనుకుంటుందో. ఖాకీలో ఉన్నప్పుడు చెయ్యలేనిది ఇప్పుడు చెయ్యబోతున్నానని అతనికి తట్టకపోలేదు. అప్పుడు పిలిచింది మస్తాను. ఇప్పుడు పిలిచింది ఆఫీసు.

"డ్యూటీలో ఉన్నానన్నా," అన్నాడు. "తర్వాత మాట్లాడదాం."

దానియేలు రాయి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కోటిలింగం వరసకేసి తిరిగాడు. ఎండ ఆ ఖాళీలో నలుచదరంగా పడుతోంది. అటొకటి, ఇటొకటి, మధ్యలో ఒకటి తక్కువ. ఆట తెలిసినవాడికి ఆ ఖాళీ ఎలా కనిపిస్తుందో చెప్పక్కర్లేదు. వేలు చివర పాత దురద మొదలైంది. ఈసారి కాలు కూడా మాట వింది.

"కోటిలింగం," అని పిలిచింది వకుళాదేవిగారు.

"వచ్చానండి," అంటూ కాలరు సర్దుకుని, పక్కవాళ్ళ భుజాలకి భుజాలు ఆనించి, సందు లేకుండా నిలబడ్డాడు.